సన్నటి మైత్రేయుడు, బొజ్జ మైత్రేయుడు ఒకరేనా? లోంగ్‌మెన్ చూసొచ్చాక కొన్ని సందేహాలు

నదిఒడ్డు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఆఫీసు పని మీద చైనాలో లోయాంగ్ వెళ్ళాను. ఒక్క రోజు ఖాళీ దొరికింది. పొద్దున బైమా గుడి, మధ్యాహ్నం లోంగ్‌మెన్ గుహలు చూసేశాను. శిల్పాల గురించి నాకు పెద్దగా తెలియదు. కానీ తిరిగి వచ్చినప్పటి నుంచి కొన్ని సంగతులు మనసులోంచి పోవడం లేదు. తెలిసినవాళ్ళు చెబుతారని అడుగుతున్నాను.

బైమా గుడిలో అడుగు పెట్టగానే మొదటి మండపంలో బొజ్జ బయటపెట్టుకుని, నోరారా నవ్వుతూ కూర్చున్న విగ్రహం ఉంది. గైడ్ ఆయన్ని మైత్రేయుడు అంది. మధ్యాహ్నం గుయాంగ్ గుహ దగ్గర గోడలోని ఒక గూడు చూపించి ఈయనా మైత్రేయుడే అంది. అక్కడున్నది సన్నగా, పొడుగ్గా, కిరీటం పెట్టుకున్న రాకుమారుడు. చీలమండల దగ్గర కాళ్ళు ఒకదానిమీద ఒకటి వేసుకుని కూర్చున్నాడు. ఇద్దరికీ ఒక్క పోలికైనా లేదు. ఒకే దేవుడు ఇలా ఎలా మారతాడు?

రెండోది, అక్కడి పెద్ద వైరోచన బుద్ధుడు. ఆ ముఖం మహారాణి వూ జెతియాన్‌దని అందరూ చెప్పుకుంటున్నారు. నిజమేనా? ముఖంలో ఏదో ఆడతనం ఉన్నమాట నిజం. నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

మూడోది తలలు. వరసగా గూళ్ళు, వాటిలో తల లేని మొండేలు. చూడలేకపోయాను. ఎవరు చేశారిది?

ఇంకొకటి కూడా అడుగుతాను. చాలా గూళ్ళ పక్కన చిన్న చిన్న గళ్ళు గీసి అక్షరాలు చెక్కారు. అవి మంత్రాలా?

కుంచెసిరా:

నదిఒడ్డు గారూ, మంచి ప్రశ్నలు. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మైత్రేయుడి సంగతి. ఇద్దరూ ఒకరే. మైత్రేయుడంటే ఇంకా రాని బుద్ధుడు. శాక్యముని చెప్పిన ధర్మం లోకంలో పూర్తిగా మాసిపోయాక ఆయన దిగి వస్తాడని, అప్పటిదాకా తుషిత స్వర్గంలో బోధిసత్వుడిగా ఎదురుచూస్తుంటాడని నమ్మకం. గుయాంగ్ గుహలో మీరు చూసింది ఆ స్వర్గంలో ఉన్నవాడిని. అందుకే కిరీటం, నగలు. ఇంకా బుద్ధుడు కాలేదు కాబట్టి ఒంటి మీద సన్యాసి వస్త్రం ఉండదు. చీలమండలు కలిపి కూర్చునే తీరు గాంధారం నుంచి మధ్య ఆసియా మీదుగా వచ్చింది. ఉత్తర వెయ్ కాలపు గుహల్లో ఆ కూర్చోవడం కనబడితే చాలావరకు మైత్రేయుడే అనుకోవచ్చు.

మరి అంత సన్నగా ఎందుకున్నాడు? దానికి రాజుల కథ తెలియాలి. ఉత్తర వెయ్ పాలకులు చైనీయులు కారు, ఉత్తరాన గడ్డి మైదానాల నుంచి వచ్చిన షియెన్‌పీ తెగవాళ్ళు. లోయాంగ్‌కి రాకముందు వాళ్ళ రాజధాని ఇప్పటి దాతోంగ్ ఉన్నచోట ఉండేది. అక్కడి యున్‌గాంగ్ గుహల్లో, 460 ప్రాంతంలో చెక్కిన బుద్ధుల్ని చూడండి. వెడల్పు భుజాలు, నిండు ముఖం, ఒంటికి అతుక్కున్న పల్చటి వస్త్రం. పడమటి నుంచి బౌద్ధం వచ్చిన దారి ఇంకా ఆ రాతిలో కనిపిస్తుంది. 494లో షియావోవెన్ చక్రవర్తి రాజధానిని లోయాంగ్‌కి మార్చాడు. తన తెగ దుస్తులు మాన్పించాడు, కొలువులో తెగ భాష వద్దన్నాడు, ఇంటిపేర్లు కూడా చైనా ఇంటిపేర్లుగా మార్పించాడు. శిల్పులూ అదే దారి పట్టారు. లోయాంగ్ బుద్ధుడు చైనా పండితుడిలా పొడుగాటి అంగీ తొడిగి, నడుముకి పట్టీ కట్టాడు. భుజాలు జారాయి, మెడ సన్నబడింది, అంగీ అంచులు ఆసనం మీదుగా పొరలు పొరలుగా కిందికి జారాయి. కొలువులో బట్టలు మారితే గుడిలోనూ మారిపోయాయి. నాకు ఈ సంగతి మొదటిసారి అర్థమైనప్పుడు ఒళ్ళు జలదరించింది.

ఇక బొజ్జ ఆయన. పదో శతాబ్దం మొదట్లో, ఇప్పటి జెజియాంగ్‌లోని ఫెంగ్‌హువాలో ఒక భిక్షువు ఉండేవాడు. చేతికర్రకి గుడ్డసంచి తగిలించుకుని ఊరూరా తిరిగేవాడు. ఎవరేమిచ్చినా సంచిలో వేసుకునేవాడు. గుడ్డసంచిని చైనాలో ‘బుదాయ్’ అంటారు. జనం ఆయన్ని ఆ పేరుతోనే పిలిచారు. చనిపోయేముందు ఒక పద్యం చెప్పాడని అంటారు: మైత్రేయుడు లెక్కలేనన్ని రూపాల్లో మనుషుల మధ్యే తిరుగుతున్నాడు, మనుషులే ఆయన్ని గుర్తుపట్టడం లేదు అని. అది విన్నవాళ్ళు ఈయనే మైత్రేయుడు అన్నారు. సోంగ్ వంశపు రాజుల కాలానికి ఆ రూపం రాతికెక్కింది. హాంగ్‌జౌలో ఫెయిలాయ్ ఫెంగ్ కొండ మీద, చుట్టూ అర్హతులతో (ముక్తి పొందిన బౌద్ధ శిష్యులతో) నవ్వుతూ కూర్చున్న బుదాయ్ ఆ కాలపు పనే. తర్వాత గుళ్ళలో ముందు మండపం ఆయనదే అయింది. అటూ ఇటూ నలుగురు దిక్పాలకులు, మధ్యలో ఈయన. మీరు బైమా గుడిలో చూసింది అదే అమరిక.

మధ్యలో ఒక మజిలీ ఉంది, చెప్పకుండా ఉండలేను. రాబోయే బుద్ధుడి మీద ఆశ రాజులకి భయం కూడా. 515లో ఫాచింగ్ అనే భిక్షువు కొత్త బుద్ధుడు పుట్టాడు, పాత మారుల్ని (దయ్యాల్ని) తొలగించాలి అంటూ తిరుగుబాటు లేవదీశాడు. ఉత్తర వెయ్ సైన్యం దాన్ని అణిచేసింది. అదే ఆశని వూ జెతియాన్ తన పక్షానికి తిప్పుకుంది. 690లో ఆమె సింహాసనం ఎక్కే ముందు, కొందరు భిక్షువులు మహామేఘ సూత్రం అనే బౌద్ధ గ్రంథానికి వ్యాఖ్య రాసి, దిగివచ్చిన మైత్రేయుడు ఈమేనని చాటారు. ఆమె ప్రతి మండలంలోనూ మహామేఘం పేరుతో గుడి పెట్టమంది. 695లో డున్‌హువాంగ్ దగ్గర మోగావ్ గుహల్లో 35.5 మీటర్ల మైత్రేయుడు లేచాడు. ఆ తర్వాత 713లో లెషాన్ దగ్గర హైతోంగ్ అనే భిక్షువు నదుల కూడలి పైనున్న కొండలో మైత్రేయుణ్ణి మొదలుపెట్టాడు. పూర్తయ్యేసరికి 803. ఎత్తు 71 మీటర్లు. హైతోంగ్ దాన్ని పూర్తిగా చూడలేదు, మధ్యలోనే పోయాడు.

ఇప్పుడు వైరోచనుడి ముఖం. అక్కడ పీఠం మీద ఒక శాసనం ఉంది. 672లో మహారాణి తన సింగారం ఖర్చు కోసం ఉన్న సొమ్ములోంచి 20,000 దండల నాణేలు ఇచ్చిందని, 675 చివర్లో పని ముగిసిందని అందులో ఉంది. ఆమె భర్త, చక్రవర్తి గావ్‌జోంగ్ చేయించిన విగ్రహం అని ఉంది. పని చూసిన భిక్షువుల పేర్లు, అధికారుల పేర్లు, చివరికి లీ జున్‌జాన్, చెంగ్ రెన్‌వెయ్, యావ్ షిజీ అనే శిల్పుల పేర్లు కూడా ఉన్నాయి. ముఖం ఆమెదని మాత్రం ఎక్కడా లేదు. వైరోచనుడంటే అంతటా పరుచుకునే వెలుగు, ఆమె తన పేరుకి పెట్టుకున్న కొత్త అక్షరానికీ అలాంటి అర్థమే, కాబట్టి అది ఆమే అని ఒక వాదన ఉంది. కానీ ఆ అక్షరం ఆమె పెట్టుకున్నది 689లో. విగ్రహం పూర్తయిన 14 ఏళ్ళకి.

అయితే జనం ఊరికే అలా అనుకున్నారని నేను అనను. పాలకుడి పోలికతో బుద్ధుణ్ణి చేయించిన సందర్భం నిజంగా ఉంది. 452లో వెయ్ చక్రవర్తి వెన్‌చెంగ్ తన ఆకారంలో రాతి విగ్రహం చెయ్యమన్నాడు. పూర్తయ్యాక చూస్తే విగ్రహం ముఖం మీద, అరికాళ్ళ మీద నల్లరాయి మచ్చలు బయటపడ్డాయట. అవి చక్రవర్తి ఒంటిమీది పుట్టుమచ్చలకి సరిగ్గా సరిపోయాయని వెయ్ వంశ చరిత్రలో రాశారు. ఆ దేశంలో ఆ తలపు అప్పటికే రెండు వందల ఏళ్ళ పాతది. ముఖం వూ జెతియాన్‌దని నేను నమ్మను. కానీ ఆ విగ్రహం ముందు నిలబడితే, 17.14 మీటర్ల రాయి అంత మెత్తగా మనకేసి చూస్తుంటే, ఎవరి ముఖమో తెలుసుకోవాలనిపించడం సహజం.

తలల సంగతి వేరేవాళ్ళు చెబితే బాగుంటుంది. దాని గురించి రాస్తే నాకు కోపం ఆగదు. అక్షరాల గురించి మళ్ళీ రాస్తాను.

మట్టిబొమ్మ:

తలల గురించి నేను చెబుతాను. లోంగ్‌మెన్‌లో నష్టం చాలామంది అనుకున్నట్టు 1960ల సాంస్కృతిక విప్లవం గొడవల్లో జరిగింది కాదు. ఎక్కువ భాగం 20వ శతాబ్దం మొదటి సగంలో జరిగిన దొంగతనం. విదేశాల్లో కొనేవాళ్ళు ఉన్నారు కాబట్టి ఇక్కడ ఉలితో కోసేవాళ్ళు తయారయ్యారు. తల చిన్నది, మోసుకుపోవడం తేలిక. బిన్‌యాంగ్ మధ్య గుహలో ఇంకా ఘోరం. చక్రవర్తి, మహారాణి తమ పరివారంతో నడిచొచ్చే రెండు ఊరేగింపు ఫలకాలు గోడ మీద ఉండేవి. 1930ల్లో వాటిని ముక్కలు ముక్కలుగా పెకలించారు. చక్రవర్తి ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాడు, మహారాణి కాన్సస్ సిటీలో నెల్సన్-అట్కిన్స్ మ్యూజియంలో ఉంది. ఒకే గుహలో ఎదురెదురుగా నడిచినవాళ్ళు అవతలి ఖండంలో రెండు ఊళ్ళ పాలయ్యారు.

పాత నష్టాలు కూడా ఉన్నాయి. 845లో టాంగ్ చక్రవర్తి వూజోంగ్ బౌద్ధం మీద విరుచుకుపడ్డాడు. 4,600 విహారాలు, 40,000కు పైగా చిన్న గుళ్ళు కూల్చారు, 2,60,500 మంది భిక్షువుల్ని, భిక్షుణుల్ని సంసారుల్లో కలిపేశారు. కంచు విగ్రహాలు కరిగించి నాణేలు పోశారు, ఇనుప విగ్రహాలతో వ్యవసాయ పనిముట్లు చేశారు. ఈ సంగతి గుర్తుపెట్టుకుని చూడాలి. చైనా బౌద్ధ శిల్పం అనగానే మన కళ్ళకి కొండగుహలే కనబడతాయి. కొండని కరిగించలేరు కదా. నగరాల గుళ్ళలో ఉన్న కంచు, కొయ్య, లక్క విగ్రహాలు దాదాపు అన్నీ పోయాయి. వూతాయ్ కొండ ప్రాంతంలో నాన్‌చాన్ అనే చిన్న గుడి, 782 నాటిది, ఎవరి కంటా పడకపోవడం వల్ల బతికిపోయింది. లోపల టాంగ్ కాలపు మట్టి విగ్రహాలు ఉన్నాయి.

నేను మట్టితో బొమ్మలు చేస్తాను కాబట్టి ఇంకో మాట చెబుతాను. రాయిని బట్టి శిల్పం ఉంటుంది. యున్‌గాంగ్‌ది ఇసుకరాయి, పెద్ద పెద్ద ఆకారాలు తీయొచ్చు కానీ గాలికి తినేస్తుంది. లోంగ్‌మెన్‌ది సున్నపురాయి, గట్టిది, అందుకే అంత సన్నటి అక్షరాలు నిలిచాయి. మోగావ్ కొండ గులకరాళ్ళు అతుక్కున్న ముద్ద, ఉలి పెడితే రాలిపోతుంది. అందుకని అక్కడ కొయ్యతో అస్థిపంజరం కట్టి, గడ్డి చుట్టి, పీచు కలిపిన మట్టి పూసి, పైన నున్నగా మెత్తి రంగులేశారు. మరీ పెద్దవాటికి కొండనే మొద్దుగా చెక్కి వదిలి దాని మీద మట్టి మెత్తారు. 275వ గుహలో చీలమండలు కలిపి కూర్చున్న మైత్రేయుడు, 3.34 మీటర్ల మట్టి విగ్రహం. నేను దాని ముందు నిలబడి ముక్కు, పెదవి కలిసేచోటే చూస్తూ ఉండిపోయాను. బొటనవేలితో ఒక్కసారి నొక్కి వదిలిన పని అది, మట్టి పనివాళ్ళకి తెలిసిపోతుంది. పదిహేను వందల ఏళ్ళకి పైగా ఆ నొక్కు అలాగే ఉంది.

కుంచెసిరా గారు చెప్పిన రాజుల కథలో ఒక లెక్క చేరుస్తాను. బిన్‌యాంగ్ గుహల పనికి 8,02,366 పనిదినాలు పట్టాయని చరిత్రలో రాసుంది. 500 నుంచి 523 దాకా సాగిన పని, షువాన్‌వు చక్రవర్తి తన తల్లిదండ్రుల పుణ్యం కోసం మొదలుపెట్టింది. ఆ పనిదినాలన్నీ ఎవరివి? కొండ దొలిచినవాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు. భక్తి అంటూ మాట్లాడేటప్పుడు వాళ్ళని మరిచిపోకూడదని నా మాట.

నదిఒడ్డు:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. పనిదినాల లెక్క చదివాక ఆ గుహ గుర్తొచ్చి మనసు బరువెక్కింది.

మీరు రాసినవి చూస్తే అన్నీ చక్రవర్తులు, మహారాణులే. కానీ నేను చూసినవాటిలో అరచెయ్యంత గూళ్ళు వేలల్లో ఉన్నాయి. అవన్నీ కూడా రాజుల పనేనా? మామూలు మనుషులు లేరా? కుంచెసిరా గారూ, అక్షరాల సంగతి చెబుతానన్నారు.

కుంచెసిరా:

చెబుతాను. మట్టిబొమ్మ గారి మాట న్యాయమైనది. పేరు లేనివాళ్ళ గురించి చెప్పడానికి మన దగ్గర ఆ లెక్క తప్ప ఏమీ మిగల్లేదు. కానీ పేర్లున్న మామూలు మనుషులు లోంగ్‌మెన్ నిండా ఉన్నారు. వాళ్ళు ఉన్నది మీరడిగిన ఆ గళ్ళల్లోనే.

అవి మంత్రాలు కావు. ఈ విగ్రహం ఎవరు, ఎప్పుడు, ఎవరికోసం చేయించారో చెప్పే రాతలు. లోంగ్‌మెన్‌లో 2,800 దాకా ఉన్నాయి. కొన్ని ఊరివాళ్ళందరూ సంఘం కట్టి చేయించినవి. గుయాంగ్ గుహలో సున్ చ్యూషెంగ్ అనే ఆయన, మరో రెండు వందల మంది కలిసి చేయించిన గూడు ఉంది, పేర్లన్నీ వరసగా చెక్కారు. ఎక్కువ రాతలు చనిపోయినవాళ్ళ కోసం. తండ్రి కోసం, తల్లి కోసం, భర్త కోసం, బిడ్డ కోసం.

దీని వెనక ఒక పాత తగాదా ఉంది. బౌద్ధం చైనాకి వచ్చిన కొత్తలో అక్కడి పండితులు గట్టిగా ఎదురుతిరిగారు. తల గొరిగించుకోవడం అంటే అమ్మానాన్న ఇచ్చిన ఒంటికి అపచారం, పెళ్ళి మానేస్తే వంశం ఆగిపోతుంది, పితృదేవతలకి ఎవరు పెడతారు అని. దానికి బౌద్ధులు గ్రంథాల్లో జవాబులు రాశారు. కానీ అసలు జవాబు ఈ గోడలే అని నా నమ్మకం. విగ్రహం చేయిస్తే వచ్చే పుణ్యాన్ని పోయినవాళ్ళ పేరున ధారపోయొచ్చు. అంటే అమ్మానాన్నల రుణం తీర్చుకునే ఒక కొత్త దారి దొరికింది. అక్కడితో బుద్ధుడు పరాయి దేశపు దేవుడు కాకుండా పోయాడు. సన్న నడుము, అంగీ, పట్టీ ఇవన్నీ పైమార్పులు. లోపలి మార్పు ఇది.

నేనిది పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. చైనా భాష నేర్చుకునేటప్పుడు కుంచె రాత కూడా నేర్చుకున్నాను. లోంగ్‌మెన్ శాసనాల్లో ఇరవయ్యింటిని రాతకి మేలుబంతులుగా ఎంచారు. కాగితం తడిపి రాతి మీద అద్ది, సిరా తట్టి తీసిన వాటి ప్రతుల్ని ముందు పెట్టుకుని సాధన చేస్తారు. ఇరవైలో పంతొమ్మిది గుయాంగ్ గుహలోవే. మా గురువుగారు మొదట నాకిచ్చినది 495 నాటిది. మూలలు తెగ్గొట్టినట్టుండే గట్టి గీతలు. నాలుగు నెలలు రోజూ రాత్రి అదే రాశాను. గీత వంపు, ఒత్తిడి, మూల మీదే ధ్యాస. అర్థం అడగాలని తోచలేదు.

ఒకరోజు గురువుగారు ఇందులో ఏముందో తెలుసా అన్నారు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన వేలితో అక్షరం అక్షరం చూపిస్తూ చెప్పారు. చ్యూములింగ్ లియాంగ్ అనే పెద్ద అధికారి భార్య, యూచి వంశపు ఆడపడుచు, చనిపోయిన తన కొడుకు న్యూజుయె కోసం పనివాళ్ళని పిలిపించి రాయి తొలిపించి ఈ మైత్రేయుణ్ణి చేయించింది. ఆ పిల్లవాడి పేరులోని రెండు అక్షరాలకి ఎద్దు, గుంజ అని అర్థం. ఆమె కోరింది ఇది: నా కొడుకు ఈ చావుపుట్టుకల చోటు విడిచి, అడ్డులేని చోట తిరగాలి. మళ్ళీ పుడితే స్వర్గంలో బుద్ధుల దగ్గర పుట్టాలి. ఈ లోకంలోనే పుడితే సుఖంగా, స్వేచ్ఛగా ఉండే చోట పుట్టాలి. ఏదైనా బాధలో ఉంటే వెంటనే విడుదల కావాలి. ఆ తర్వాత సమస్త ప్రాణులకీ ఈ పుణ్యం అందాలి అంటుంది.

చూడండి, ఆమె ఏ దారీ వదల్లేదు. స్వర్గమైతే ఇలా, భూమ్మీదైతే ఇలా, బాధలో ఉంటే ఇలా అని. కొడుకు ఎక్కడున్నాడో తెలియని తల్లి అన్ని తలుపులూ తడుతోంది. రాజధాని లోయాంగ్‌కి మారి అప్పటికి ఏడాదే. కొత్త ఊరు, కొత్త బట్టలు, కొత్త భాష. ఆ కొత్తచోట కొండ గోడ మీద ఆమె కొడుకు పేరు రాయించింది. నేను నాలుగు నెలలు కుంచెతో రాసింది ఆ ఏడుపుని. ఆ రాత్రి సాధన చెయ్యలేకపోయాను. ‘పోయిన బిడ్డ’ అని రెండు అక్షరాలు వస్తాయి అందులో. ఇప్పటికీ ఆ రెండూ రాసేముందు కుంచె సిరాలో ముంచి కాసేపు ఆగుతాను.

ఆమె ఎందుకు మైత్రేయుణ్ణే ఎంచుకుందో మీకిప్పుడు తెలుసు. ఇంకా రావలసినవాడు ఆయన. ఆయన వచ్చే రోజుకి కొడుకు మళ్ళీ పుట్టి అక్కడ ఉండాలని.

నదిఒడ్డు:

కుంచెసిరా గారూ, నేను ఆ గుహ ముందు పది నిమిషాలు కూడా లేను. లోపల చీకటిగా అనిపించింది, గైడ్ తొందర పెడితే వచ్చేశాను. నా ఫోటోలు మళ్ళీ తీసి చూశాను, గళ్ళు కనబడుతున్నాయి కానీ అక్షరాలు తెలియడం లేదు. పని మీద మళ్ళీ లోయాంగ్ వెళ్ళేది ఉంది. ఈసారి ఆ గోడ చూడాలి. ఎక్కడ ఉంటుందో చెబుతారా?

కుంచెసిరా:

గుయాంగ్ గుహలో ఉత్తరపు గోడ. మీరు లోపలికి చూస్తూ నిలబడితే కుడిచేతి వైపు. చిన్న బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్ళండి, గళ్ళ గీతలు బాగా పట్టుకోవచ్చు.

మీరు పోయినసారి మధ్యాహ్నం వెళ్ళారు, అక్కడే పొరపాటు జరిగింది. ఆ గుహలు యీ నదికి పడమటి గట్టు మీద తూర్పుకి తిరిగి ఉంటాయి. మధ్యాహ్నం దాటితే కొండ నీడ పడిపోతుంది. ఈసారి పొద్దున్నే గేటు తీయగానే వెళ్ళండి, బైమా గుడి సాయంత్రానికి పెట్టుకోండి. ఎండ నది మీదుగా నేరుగా గుహల్లోకి వస్తుంది.